పరస్పర అంగీకారంతో విడాకులు: విశాఖలో దరఖాస్తు విధానం, తడబడే చోటు

వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘నేటి నుంచి మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు’ అని రాయించి, పెద్దమనుషుల చేత సాక్షి సంతకాలు పెట్టించి, పైన నోటరీ ముద్ర కొట్టించినా విడాకులు వచ్చినట్టు కాదు. సూర్యాబాగ్‌లోని కోర్టుల ఆవరణలో కాసేపు నిలబడితే చాలు, అలాంటి కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకొచ్చి ‘దీన్ని రిజిస్టరు చేయించాలి, ఏ గదికి వెళ్లాలి?’ అని అడిగేవారు కనిపిస్తారు. ఏ గదికి వెళ్లినా లాభం లేదు. హిందూ వివాహ చట్టం కిందికి వచ్చే పెళ్లి కోర్టు డిక్రీతోనే రద్దవుతుంది. ఆ కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే రెండో పెళ్లి చెల్లదు సరికదా, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం అవుతుంది. నోటరీలు పెళ్లి పత్రాలు, విడాకుల పత్రాలు తయారు చేయకూడదని కేంద్ర న్యాయశాఖ 2024లో స్పష్టంగా చెప్పింది. చెప్పినా రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు.

‘మా కులంలో పెద్దల ముందు తెగతెంపులు చేసుకునే ఆచారం ఉంది’ అని కొందరు అంటారు. చట్టంలోని 29వ సెక్షన్ అలాంటి ఆచారాలను కాపాడిన మాట నిజమే. అయితే ఆ ఆచారం ఉన్నదని, చాలాకాలంగా నడుస్తున్నదని కోర్టులో రుజువు చేయవలసిన భారం దాన్ని చెప్పుకునేవారి మీదే ఉంటుంది. వీసా అధికారి ముందో, పింఛను కార్యాలయంలోనో ఆ రుజువు వెతుక్కోవడం కంటే డిక్రీ తెచ్చుకోవడమే తేలిక.

ఇద్దరూ విడిపోవాలనే అనుకుంటున్నప్పుడు దారి హిందూ వివాహ చట్టంలోని 13-బి సెక్షన్. ఈ వ్యాసం దాని గురించే. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికి దాదాపు ఇదే విధానం 28వ సెక్షన్‌లో ఉంది. క్రైస్తవులకు విడాకుల చట్టంలోని 10-ఎ సెక్షన్ వర్తిస్తుంది. అందులో రాసి ఉన్న ఎడబాటు గడువు రెండేళ్లు. ముస్లింలకు ఖులా (భార్య కోరిక మీద విడిపోవడం), ముబారత్ (ఇద్దరి ఒప్పందంతో విడిపోవడం) పద్ధతులు వేరుగా ఉన్నాయి. అరకు, పాడేరు వైపు నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన గిరిజన కుటుంబాలు ఒక సంగతి గమనించాలి: కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు హిందూ వివాహ చట్టం వర్తించదని ఆ చట్టమే చెబుతోంది. పిటిషన్ వేసే ముందే ఈ సంగతి వకీలుకు చెప్పాలి.

అర్హతకు మూడు విషయాలు చాలు. ఏడాది లేదా అంతకంటే ఎక్కువ కాలంగా విడిగా ఉంటూ ఉండాలి, కలిసి ఉండలేని పరిస్థితి ఉండాలి, విడిపోదామని ఇద్దరూ ఒప్పుకుని ఉండాలి. తప్పు ఎవరిదో రుజువు చేయనక్కర్లేదు, ఒకరి మీద ఒకరు నిందలు రాయనక్కర్లేదు. ‘విడిగా’ అంటే వేర్వేరు ఇళ్లలోనే ఉండాలని కాదు. అద్దె భారం వల్లనో పిల్లల బడి కోసమో ఒకే ఇంట్లో ఉంటున్నా, భార్యాభర్తలుగా జీవించడం లేదంటే విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది.

ఎక్కడ వేయాలన్నది కూడా చాలామంది అనుకునేంత చిక్కు కాదు. పెళ్లి జరిగిన చోటు, ఇద్దరూ చివరిగా కలిసి ఉన్న చోటు, భార్య ఇప్పుడు ఉంటున్న చోటు, వీటిలో ఏది విశాఖ కుటుంబ న్యాయస్థానం పరిధిలో ఉన్నా ఇక్కడ వేయవచ్చు. పెళ్లి విజయనగరంలో జరిగి, కాపురం హైదరాబాదులో సాగి, అమ్మాయి ఇప్పుడు ఎంవీపీ కాలనీలో పుట్టింట్లో ఉంటే విశాఖ సరిపోతుంది. సింహాచలం కొండ మీద పెళ్లి చేసుకుని ఇద్దరూ బెంగళూరులో స్థిరపడినా సరిపోతుంది. నగరం వెలుపల ఉండేవారు మాత్రం తమ ఊరు ఏ కోర్టు కిందికి వస్తుందో ఫైలింగ్ కౌంటర్‌లో ముందే కనుక్కోవడం మేలు.

కాగితాలు: ఇద్దరి ఆధార్ కార్డులు, ఫొటోలు, శుభలేఖ, పెళ్లి ఫొటో, వివాహ ధ్రువపత్రం ఉంటే అది. పెళ్లి రిజిస్టరు కాలేదన్న ఒక్క కారణంతో పిటిషన్ ఆగదు. ‘ముందు పెళ్లి రిజిస్ట్రేషన్ చేయిస్తాం, తరువాత విడాకులు’ అంటూ రెండు పనులకు డబ్బు అడిగేవారు ఉన్నారు. వాళ్లకు నమస్కారం పెట్టి ముందుకు సాగండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

ఇంతవరకు ఎవరూ పెద్దగా తడబడరు. తడబడేది ఒప్పందం దగ్గర.

‘అన్నీ ముట్టాయి’ అనే వాక్యం

పిటిషన్లు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటాయి. పాత నమూనాలో పేర్లు, తేదీలు మార్చి అచ్చు తీసిన పిటిషన్లు తక్కువేమీ కాదు. అలాంటి నమూనాల్లో తరచూ ఒక వాక్యం ఉంటుంది: శాశ్వత భరణం, స్త్రీధనం సహా భార్యకు రావలసినవన్నీ ముట్టాయి, ఇకమీదట ఆమె ఏమీ కోరదు. రూపాయి చేతికి రాకముందే ఈ వాక్యం కింద సంతకం చేసిన ఆడపిల్లలు ఎందరో. తరువాత ‘నాకు ఇవ్వలేదు’ అంటే, ‘ఇచ్చారని నువ్వే ప్రమాణం చేసి చెప్పావు కదా’ అంటారు. అబద్ధం చెప్పేది అవతలివారైనా కాగితం మీద మాట తప్పిన మనిషిగా కనిపించేది ఆమే.

కాబట్టి సంతకానికి ముందు పిటిషన్ మొత్తాన్ని తెలుగులో చదివించుకోండి. వకీలు విసుక్కున్నా, గుమస్తా గడియారం చూసినా సరే. ముట్టినదాన్ని ముట్టిందని, ముట్టవలసినదాన్ని ఫలానా రోజున ఫలానా విధంగా ముట్టాలని రాయించండి. మొత్తం ఎంత, ఎన్ని విడతలు, ఏ బ్యాంకు డీడీ, దాని నంబరు, ఏ వాయిదా నాడు ఎవరి సమక్షంలో ఇస్తారు, ఇంత వివరంగా ఉండాలి. నగదు వద్దు. పెద్దమనిషి దగ్గర ఉంచుదామన్న సలహా అసలే వద్దు.

ఈ కేసులో ఇద్దరూ కోర్టుకు రెండుసార్లు రావాలి, పిటిషన్ వేశాక ఒకసారి, కొన్ని నెలల తరువాత మరోసారి. అందుకే డబ్బు ఎప్పుడు ఇవ్వాలన్నది రెండు పక్షాలకూ బెంగే. ముందే అంతా ఇచ్చేస్తే ఆమె రెండోసారి కోర్టుకు రాదేమోనని ఆయన భయం. డిక్రీ వచ్చాక ఇస్తానంటే ఆయన మాయమవుతాడేమోనని ఆమె భయం. రెండు భయాలకూ కారణం ఉంది. కొంత మొదటి హాజరు నాడు, మిగతాది చివరి వాంగ్మూలం నాడు కోర్టు హాలులోనే డీడీగా చేతికి ఇచ్చేలా రాసుకోవడం ఇద్దరికీ నిబ్బరం.

బంగారం విషయంలో ‘పెట్టిన నగలు’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి. వస్తువు పేరు, సుమారు బరువు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, లాకరు ఎవరి పేరున ఉంది రాయండి. నగలు తిరిగి ఇచ్చిన రోజు ఇద్దరి సంతకాలతో జాబితా తీసుకోండి.

పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, సెలవుల్లో ఎక్కడ, ఫీజులు ఎవరు కడతారు, పాస్‌పోర్టుకు ఇద్దరి సంతకాలు కావలసి వచ్చినప్పుడు ఎలా, ఇవన్నీ ఒప్పందంలోకి రావాలి. పిల్లల పోషణ ఖర్చు అడగనని తల్లి రాసిచ్చినా అది పిల్లల హక్కును చంపదు. భరణం తల్లి వదులుకోవచ్చు, పిల్లల పక్షాన వదులుకునే అధికారం ఆమెకు లేదు. ఆ వాక్యం మీ పిటిషన్‌లో కనిపిస్తే తీయించండి.

మధురవాడలోనో పెందుర్తిలోనో ఇద్దరి పేరునా ఫ్లాటు కొని, ఇద్దరి పేరునా గృహరుణం తీసుకున్నవారు ఇంకొంచెం ఆగి ఆలోచించాలి. ‘ఇకపై వాయిదాలు భర్తే కడతాడు’ అని కోర్టు కాగితంలో రాసుకున్నా బ్యాంకు ఆ ఒప్పందంలో భాగస్వామి కాదు. ఆయన కట్టడం మానేస్తే బ్యాంకు ఆమెనూ అడుగుతుంది. రుణం తీర్చడమో, ఒకరి పేరుకు మార్పించడమో డిక్రీకి ముందే బ్యాంకుతో తేల్చుకోవాలి. వాటా బదలాయింపునకు సాధారణంగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో విడిగా దస్తావేజు రాయించుకోవలసి ఉంటుంది.

ఇక పాత కేసులు. 498-ఎ కేసు (భార్యను వేధించారన్న క్రిమినల్ కేసు), గృహహింస కేసు, మనోవర్తి కేసు నడుస్తుంటే ఒక్కొక్కదాని నంబరు, కోర్టు పేరు రాయాలి. ఎవరు, ఎప్పటిలోగా ఏది ఉపసంహరించుకోవాలో కూడా రాయాలి. ‘విడాకులు వస్తే కేసులన్నీ వాటంతటవే పోతాయి’ అన్న మాట నమ్మకండి. క్రిమినల్ కేసును కొట్టివేసే అధికారం కుటుంబ న్యాయస్థానానికి లేదు. రాజీ కుదిరిన ఆధారాలతో సంబంధిత కోర్టులో విడిగా పిటిషన్ వేసుకోవాలి; దానికి ఫిర్యాదుదారు సహకారం కావాలి. ఆమె సహకరిస్తుందన్న మాట ఒప్పందంలో ఉండాలి.

రెండు హాజరుల మధ్య

పిటిషన్ దాఖలయ్యాక నంబరు పడుతుంది, వాయిదా ఇస్తారు. ఆ రోజు ఇద్దరూ స్వయంగా రావాలి. కలిసి ఉండే అవకాశం ఉందేమో చూడవలసిన బాధ్యత కుటుంబ న్యాయస్థానానికి చట్టం పెట్టింది, అందువల్ల కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. దీనికి బెదరనక్కర్లేదు, ఎవరూ బలవంతంగా కాపురానికి పంపరు. తరువాత ఇద్దరి వాంగ్మూలం నమోదు చేస్తారు.

ఇక్కడితో అయిపోయిందనుకుని ఇంటికి వెళ్లిపోయేవారే ఎక్కువ. కాలేదు. దాఖలు చేసిన నాటి నుంచి ఆరు నెలలు గడిచాక, పద్దెనిమిది నెలల లోపు, ఇద్దరూ మళ్లీ కోర్టుకు వచ్చి ‘మా నిర్ణయం మారలేదు’ అని చెప్పాలి. అప్పుడే డిక్రీ. ఈ మధ్యకాలంలో వారు చట్టం దృష్టిలో ఇంకా భార్యాభర్తలే. మొదటి హాజరు తరువాత సంబంధాలు చూడటం మొదలుపెట్టే తల్లిదండ్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

డిక్రీ వచ్చే క్షణం వరకు ఎవరైనా తమ అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. మనసు మారితే కోర్టుకు చెప్పడం నేరం కాదు, అవమానమూ కాదు. బలవంతం మీద సంతకం చేసినవారికి ఈ వ్యవధే రక్ష. తీసుకున్న డబ్బు సంగతి మాత్రం తేల్చవలసి వస్తుంది.

ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని, కోర్టు తన విచక్షణతో మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అయితే షరతులు ఉన్నాయి. పిటిషన్ వేసేనాటికే విడిగా ఉండటం మొదలై ఏడాదికి తోడు ఆ ఆరు నెలలూ గడిచి ఉండాలి. రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి. భరణం, పిల్లల విషయం నిజంగా తేలిపోయి ఉండాలి. మొదటి హాజరు జరిగిన వారం తరువాత కారణాలు చూపుతూ మినహాయింపు కోరవచ్చు. ఒప్పందం సరిగ్గా రాసుకున్నవారికి ఇక్కడ పని సులువవుతుంది, డొంకతిరుగుడుగా రాసుకున్నవారు న్యాయమూర్తి అడిగే ప్రశ్నలకు తడుముకుంటారు. ‘పది రోజుల్లో డిక్రీ తెప్పిస్తాను’ అని ఎవరైనా బేరం పెడితే, ఆ మనిషి చేతిలో న్యాయమూర్తి విచక్షణ ఉండదని గుర్తు పెట్టుకోండి.

ఓడల మీద పనిచేసేవారు, నౌకాదళంలో ఉన్నవారు, విదేశాల్లో ఉన్నవారు విశాఖలో చాలామంది కాబట్టి ఈ మాట కూడా చెప్పాలి. తగిన కారణం చూపితే వీడియో కాన్ఫరెన్స్ ద్వారా హాజరుకు గానీ, తల్లిదండ్రులో తోబుట్టువులో ప్రాతినిధ్యం వహించడానికి గానీ కోర్టు అనుమతించవచ్చని అదే 2017 తీర్పు చెప్పింది. అనుమతి ముందే కోరాలి. వాయిదా రోజున అన్నయ్యను పంపి ‘వాడు సముద్రంలో ఉన్నాడండి’ అనిపిస్తే కేసు మరో తేదీకి వెళుతుంది, అంతే.

కేసు నిజంగా నడుస్తున్నదో లేదో మీరే చూసుకోవచ్చు. పిటిషన్ నంబరు పడిన ప్రతి కేసుకూ పదహారు అక్షరాలు, అంకెలతో ఒక సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో దాన్ని కొడితే తరువాతి వాయిదా, కేసు ఏ దశలో ఉందో కనిపిస్తాయి. ఆ నంబరు చెప్పకుండా ‘నడుస్తోంది, నడుస్తోంది’ అంటూ నెలనెలా డబ్బు అడిగేవారి దగ్గర అసలు కేసే దాఖలు కాకపోయి ఉండవచ్చు.

డిక్రీ వచ్చిన రోజే ధ్రువీకృత ప్రతికి దరఖాస్తు పెట్టండి, ఒకటికి బదులు రెండు మూడు ప్రతులు అడగండి. మళ్లీ పెళ్లి రిజిస్ట్రేషన్‌కు, వీసాకు, ఉద్యోగ రికార్డుల్లో నామినీ మార్పునకు జిరాక్సు పనికిరాదు. ప్రతి చేతికి అందగానే పేర్ల అక్షరాలు, ఇంటిపేరు, పెళ్లి తేదీ మీ ఆధార్‌తో, శుభలేఖతో పోల్చి చూడండి. తప్పు దొర్లి ఉంటే అదే కోర్టులో సవరణకు అర్జీ పెట్టించండి. అవతలివారి చిరునామా, ఫోను నంబరు ఇంకా మీ దగ్గర ఉండగానే ఆ పని ముగించడం మంచిది.