రీచార్జ్ ప్లాన్ కన్నా ముందు ఫోన్‌లో బ్యాండ్లు చూడండి

సిగ్నల్ రావడం లేదని నంబరు వేరే కంపెనీకి మార్చుకుంటాం. మార్చాక కూడా పక్కవాళ్ల ఫోన్‌లో గీతలు నిండుగా ఉంటాయి, మన ఫోన్‌లో ఒక్కటే. చాలాసార్లు తప్పు టవర్‌ది కాదు. ఆ టవర్ వాడే బ్యాండు, అంటే ఫ్రీక్వెన్సీ, మన ఫోన్‌లో ఉండదు. ప్లాన్ ధర చూసే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

జియోకు 2జీ, 3జీ లేవు. 2016లో మొదలైనప్పటి నుంచి 4జీ మీదే నడుస్తోంది కాబట్టి మాటలు కూడా వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ నడిపే పద్ధతి, ద్వారానే వెళ్తాయి. ఫోన్‌లో వోల్టీ పనిచేయకపోతే నెట్ వస్తుంది, కాల్ వెళ్లదు. పెద్దవాళ్ల దగ్గరుండే పాత 2జీ కీప్యాడ్ ఫోన్‌లో జియో సిమ్ అసలు పనిచేయదు, 4జీ కీప్యాడ్ ఫోన్ కొనాల్సిందే. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియాలకు 2జీ ఇంకా ఉంది. వోల్టీ లేకపోయినా కాల్ 2జీ మీదకు దిగి కలుస్తుంది, కాకపోతే మాట్లాడుతున్నంతసేపూ నెట్ ఆగిపోతుంది. ఎయిర్‌టెల్ 3జీని 2020లోనే మూసేసింది, అందుకే 3జీ ఫోన్‌కు అందులో డేటా ప్లాన్ వేయించడం డబ్బు దండగ.

ఇక బ్యాండ్లు. జియో 4జీకి 3, 5, 40. ఎయిర్‌టెల్‌కు ప్రధానంగా 1, 3, 8, 40. బీఎస్ఎన్ఎల్ కొత్త 4జీకి 28, 1. వీటిలో 28 అంటే 700 మెగాహెర్ట్జ్, 5 అంటే 850, 8 అంటే 900. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ సిగ్నల్ ఎక్కువ దూరం పోతుంది, గోడలు దాటి లోపలి గదిదాకా వస్తుంది. 40వ బ్యాండు 2300 మెగాహెర్ట్జ్. వేగం బాగుంటుంది కానీ దూరం తక్కువ. కాబట్టి టవర్‌కు దూరంగా ఉన్న పల్లెలో బీఎస్ఎన్ఎల్ తీసుకునేవాళ్లు ఫోన్‌లో 28 ఉందో లేదో తప్పకుండా చూసుకోవాలి. పాత చౌక ఫోన్లు చాలావాటిలో అది ఉండదు. అప్పుడు 1వ బ్యాండు, అంటే 2100 మెగాహెర్ట్జ్, ఒక్కటే దిక్కు.

5జీ కోసం ముందు ఫోన్‌లో ఎన్78 అనే 5జీ బ్యాండు ఉండాలి. జియో 5జీ స్టాండలోన్ పద్ధతిది, 4జీ ఆసరా లేకుండా నడుస్తుంది. తొలినాళ్ల 5జీ ఫోన్లు కొన్నింటిలో స్టాండలోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాకే తెరుచుకుంది. జియో వాడే ఫోన్‌లో 700 మెగాహెర్ట్జ్ ఎన్28 బ్యాండు కూడా ఉంటే ఇంటి లోపల తేడా కనిపిస్తుంది.

ఫోన్ పేరు చూసి బ్యాండ్లు నమ్మొద్దు. ఒకే పేరుతో ఒక్కో దేశంలో ఒక్కో రకం అమ్ముతారు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి మోడల్ నంబరు రాసుకుని, ఆ నంబరుతోనే కంపెనీ సైట్‌లో బ్యాండ్ల జాబితా వెతకండి.

అమెరికా నుంచి మనవాళ్లు తెచ్చే ఫోన్లకు ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో క్యారియర్ లాక్ దగ్గర ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉండాలి. లేకపోతే అక్కడి కంపెనీ తాళం తీసేదాకా ఇక్కడి సిమ్ పనిచేయదు. అక్కడ అమ్మే ఐఫోన్ 14, ఆ తర్వాతివాటికి సిమ్ ట్రే ఉండదు, ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్, తీసుకోవాల్సిందే. ఆండ్రాయిడ్ అయితే 40వ బ్యాండు ఉందా, వోల్టీ మన కంపెనీతో కలుస్తుందా అన్నవి రెండూ చూడండి. రెండోది కాగితం మీద తెలియదు, సిమ్ వేసి చూడాల్సిందే.

అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష కూడా అదే. మారాలనుకుంటున్న కంపెనీ సిమ్ ఇంట్లోనో పక్కింట్లోనో అడిగి, ఓ గంట మీ ఫోన్‌లో వేయండి. కిటికీ దగ్గర కాదు, రోజూ పడుకునే గదిలో చూడండి. వోల్టీ ఆన్ చేసి కాల్ చేయండి. మాట్లాడుతుండగా పైన 4జీ గుర్తు అలాగే ఉంటే వోల్టీ పనిచేస్తున్నట్టు. 2జీని సూచించే ఇంగ్లిష్ ‘ఇ’ అక్షరంలోకి మారినా, గుర్తు మాయమైనా పనిచేయనట్టే. రెండు సిమ్‌ల పాత ఫోన్లలో రెండో స్లాటుకు 4జీ ఉండకపోవచ్చు, మొదటి దాంట్లోనే వేయండి.

ఇవి తేలాకే ప్లాన్. 4జీ ఫోన్‌కు అపరిమిత 5జీ పేరుతో వచ్చే ఖరీదైన ప్లాన్ వల్ల ఆ లాభం రాదు, రోజుకు మీరు నిజంగా వాడే డేటాకు సరిపోయేది చాలు.

ఉన్న నంబరుతోనే వేరే కంపెనీకి మారాలంటే ‘పోర్ట్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు చేర్చి 1900కు ఎస్సెమ్మెస్ పంపండి. కొత్త కంపెనీకి ఇవ్వాల్సిన ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. మన రాష్ట్రాల్లో అది నాలుగు రోజులే చెల్లుతుంది. నంబరు తీసుకుని 90 రోజులు నిండకపోయినా, పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉన్నా, ఈ మధ్య సిమ్ మార్చుకుని ఏడు రోజులు కాకపోయినా కోడ్ రాదు. పాత సిమ్‌లో సిగ్నల్ పోయేదాకా కొత్త సిమ్ వేయకండి.