ఉత్తర ఇటలీలో కారు యాత్ర: పక్క సీటులో కూర్చునేవాళ్ళకి

ఉత్తర ఇటలీని జంటగా కార్లో చుట్టి రావాలనుకునేవాళ్ళు మొదట ఎక్కడెక్కడ కారు అక్కర్లేదో తేల్చుకోవాలి. పాత వెనిస్‌లో కార్లు తిరగనే తిరగవు. మిలాన్ నడిబొడ్డులోకి పని రోజుల్లో వెళ్తే 'ఏరియా సి' రుసుము కట్టాలి, ఆపైన పార్కింగ్ వెతుక్కోవాలి. కోమో సరస్సుకైతే మిలాన్ సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కితే గంటకి కాస్త అటూ ఇటూగా వరెన్నాలో దిగుతారు, అక్కడి నుంచి బెల్లాజియోకి పడవలున్నాయి. ఆ సరస్సు పడమటి ఒడ్డు రోడ్డు కొన్నిచోట్ల ఎంత ఇరుకంటే, ఎదురుగా బస్సొస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాల్సిందే. కారుకి పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది గార్డా సరస్సు ఒడ్డునా, డోలమైట్స్ కొండల్లోనూ. అందుకే మేం వెరోనా ఎయిర్‌పోర్ట్‌లో కారు తీసుకుని, గార్డా తూర్పు ఒడ్డు వెంట పైకెళ్ళి, బోల్జానో, గార్డేనా లోయ, కోర్తీనా చూసుకుని, వెనిస్ పక్కనున్న మెస్ట్రేలో అప్పగించాం. ఒక ఊళ్ళో తీసుకుని మరో ఊళ్ళో ఇస్తే అదనంగా తీసుకుంటారు. మళ్ళీ వెరోనా దాకా రావడానికయ్యే పెట్రోలు, టోలు, పోయే పూట లెక్కేసుకుంటే నాకది ఎక్కువనిపించలేదు.

బండి నడపడం మా ఆయన పని. మిగతావన్నీ నావి. డ్రైవరుకి సలహాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, పక్క సీటు వాళ్ళని పట్టించుకునేవాళ్ళే తక్కువ. ఇటలీలో జరిమానాలు తప్పించేది మాత్రం ఆ సీటే.

కాగితాలు ఇండియాలోనే సిద్ధం చేసుకోవాలి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. పరివాహన్ సైట్‌లో దరఖాస్తు పెడితే ఆర్టీవో ఆఫీసు ఇస్తుంది, రుసుము 1000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. మన తెలుగువాళ్ళకి ఇక్కడో చిక్కు. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, క్రెడిట్ కార్డు మీద ఇంకోలా ఉంటుంది. టికెట్లు కొనకముందే మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. డిపాజిట్ కోసం బ్లాక్ చేసే కార్డు, నడిపే మనిషి పేరు మీదే ఉండాలని అద్దె కంపెనీలు పట్టుబడతాయి. డెబిట్ కార్డుని నమ్ముకోకండి. ఆటోమేటిక్ కావాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి, అడక్కపోతే మామూలుగా మాన్యువలే ఇస్తారు. రెండు సూట్‌కేసులు పట్టే చిన్న కారు చాలు. పాత ఊళ్ళ సందులు చూశాక ఎస్‌యూవీ మీద మోజు దానంతటదే పోతుంది.

మొదటి గంట ఖాళీ రోడ్డు మీద అలవాటు చేసుకోండి. స్టీరింగ్ ఎడమవైపుంటుంది, గేరు కుడిచేతికి వస్తుంది. ఇండికేటర్ పుల్ల కూడా ఎడమపక్కకి మారుతుంది కాబట్టి, తిరగాల్సిన ప్రతిచోటా ఎండలో వైపర్లు ఆడతాయి. అది నవ్వుకుని వదిలేయొచ్చు. అసలు ప్రమాదం వేరే ఉంది. ఇన్నాళ్ళూ కుడివైపు కూర్చుని నడిపిన మనిషికి, బండి తన కుడిపక్కన ఎంత దూరం ఉందో తెలియదు. తెలియకుండానే రోడ్డంచుకి జరిగిపోతూ ఉంటాడు. గోడా, ఆగి ఉన్న కార్ల అద్దాలూ మీ వైపే ఉంటాయి కాబట్టి, "ఏవండీ, కాస్త ఎడమకి" అనే మాట మొహమాటం లేకుండా అనండి. కాలితో లేని బ్రేకు మాత్రం తొక్కకండి, దానివల్ల ఇద్దరికీ టెన్షన్. రౌండబౌట్‌లో ఇప్పటికే తిరుగుతున్నవాళ్ళదే ముందు హక్కు. "రెండో ఎగ్జిట్" అని ముందే చెప్పేస్తే చాలు.

ఇక జెడ్‌టీఎల్. పాత ఊళ్ళ మధ్యభాగంలోకి అనుమతి లేని బండ్లు రాకుండా పెట్టిన హద్దు ఇది. తెల్ల గుండ్రటి బోర్డుకి ఎర్రటి అంచు ఉంటుంది, పైన కెమెరా ఉంటుంది. గేటూ పోలీసూ ఏమీ ఉండవు, కాబట్టి దాటినట్టు కూడా తెలియదు. లైటు బోర్డు మీద 'వార్కో ఆత్తివో' అని వెలిగితే దారి తెరిచి ఉందని కాదు, కెమెరా పనిచేస్తోందని, లోపలికి వెళ్ళకూడదని. మ్యాప్ ఆ సందులోకే తిప్పమంటున్నా నమ్మకండి. వెరోనా పాత ఊళ్ళో హోటల్ తీసుకుంటే, మీ బండి నంబరు వాళ్ళు నమోదు చేయిస్తారో లేదో ముందే మెయిల్‌లో అడగండి. నా మాట వింటే ఊరి బయట బండి పెట్టి నడవండి. ఎరీనా అనే ఒకటో శతాబ్దపు రోమన్ రంగస్థలం చూడటానికి కారుతో పనేముంది?

హైవే మీద ఎక్కేచోట టికెట్ తీసుకుని దిగేచోట డబ్బు కట్టాలి. టోల్ దగ్గర పసుపు రంగు 'టెలిపాస్' వరుస మన ఫాస్టాగ్ లాంటి పరికరం ఉన్నవాళ్ళకి, అటు వెళ్ళకండి. చెయ్యీ నాణేలూ బొమ్మ ఉన్నది నగదుకి, నీలం బోర్డు కార్డులకి. తప్పు వరుసలో ఇరుక్కుంటే రివర్స్ చేయకండి, సహాయం బటన్ నొక్కితే ఎవరో ఒకరు పలుకుతారు. వేగం హైవే మీద 130, వానొస్తే 110, ఊళ్ళ మధ్య మామూలు రోడ్ల మీద 90, ఊళ్ళో 50. కొన్ని హైవేల మీద రెండు చోట్ల మధ్య సగటు వేగం లెక్కకడతారు, కెమెరా చూసి బ్రేకేస్తే లాభం లేదు.

పెట్రోలు బంకులో 'బెంజీనా' అంటే పెట్రోలు, 'గజోలియో' అంటే డీజిల్. పేరు చూసి గ్యాసో పెట్రోలో అనుకుంటే ఇంజిన్ పాడవుతుంది. 'సెర్వీతో' అన్న పంపు దగ్గర మనిషి కొట్టిపెడతాడు, లీటరుకి ఎక్కువ పడుతుంది. పార్కింగ్‌లో నీలం గీతలకి డబ్బు, తెల్ల గీతలకి ఉచితం, పసుపు మనకి కాదు. తెల్ల గీతల దగ్గర కూడా గంట పరిమితి బోర్డు ఉంటే, డాష్‌బోర్డు మీద గడియారం అట్ట తిప్పి వచ్చిన టైము పెట్టాలి.

గార్డా ఒడ్డున లజీసే, బర్దొలీనో అందమైన ఊళ్ళే. నన్నడిగితే వాటిని తొందరగా దాటేసి మాల్చేజినేలో ఎక్కువసేపు ఉండండి. అక్కడి రోప్‌వే క్యాబిన్ తిరుగుతూ మోంటే బాల్డో మీదికి ఎక్కుతుంది. పడమటి ఒడ్డు కూడా చూడాలంటే తోర్రి నుంచి మదెర్నోకి కారుతో సహా ఎక్కే ఫెర్రీ ఉంది.

కొండల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సెల్లా, పోర్దోయి, కాంపోలోంగో, గార్డేనా అనే నాలుగు కనుమలు ఒకే పర్వతం చుట్టూ ఉంటాయి, అన్నీ కలిపి ఒక్క చుట్టులో తిరిగి రావచ్చు. పోర్దోయి ఎత్తు 2239 మీటర్లు. అరాబ్బా వైపు నుంచి ఎక్కితే 33 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతిదానికీ నంబరు బోర్డు. తిరుమల ఘాట్‌లో నడిపినవాళ్ళకి మలుపులు భయం కాదు. కాకపోతే తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇక్కడ రెండూ ఒకటే, మధ్యలో సైకిళ్ళు, వెనక బైకుల గుంపు. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచమని గుర్తు చేయండి, బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే వాసనొస్తుంది. వెనక వరుస కట్టినవాళ్ళని చూసి కంగారు పడక్కర్లేదు, ఆగే చోటు కనిపిస్తే పక్కకి తీసి పంపేయండి. కనుమ పైన రోప్‌వేలో సాస్ పోర్దోయికి, అంటే 2950 మీటర్లకి వెళ్ళొచ్చు. ఆగస్టులోనూ స్వెట్టర్ కావాలి.

కొన్నిచోట్లకి కారు పోనివ్వరు. ఆల్పే ది సియూజీ మైదానానికి పగలు సొంత బండ్లు నిషేధం, కింద సియూజీలో పెట్టి రోప్‌వే ఎక్కాలి. బ్రాయిస్ సరస్సుకి ఎండాకాలం రద్దీలో ముందస్తు బుకింగ్ కావాలి. త్రే చీమే అనే మూడు శిఖరాల దగ్గరికెళ్ళే టోల్ రోడ్డుకీ అంతే. ఆగస్టు 15 చుట్టుపక్కల దేశమంతా సెలవుల్లో ఉంటుంది, అప్పుడు వెళ్ళకండి. సెప్టెంబరు నాకు నచ్చిన నెల. నవంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా వింటర్ టైర్లో, చైన్లో తప్పనిసరి.

భోజనం సంగతి. మధ్యాహ్నం రెండున్నరకి చాలా వంటిళ్ళు మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఏడుకే. కొండల్లో హోటళ్ళు గదితో పాటు రాత్రి భోజనం కలిపి ఇస్తాయి. శాకాహారులైతే బుకింగ్‌లోనే రాయండి. కనెదెర్లి అనే ఉండల్లో పంది మాంసం ముక్కలు వేయడం మామూలే, పాలకూరవి అడగండి. కందిపొడి, కరివేపాకు పొడి తీసుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు.

కారు అప్పగించేముందు ట్యాంకు నింపి రసీదు ఉంచుకోండి, నాలుగు చక్రాల ఫొటోలూ తీయండి. మెస్ట్రే నుంచి వెనిస్‌కి రైల్లో పది నిమిషాలే. అద్దె కాగితాలు మాత్రం ఇంటికొచ్చాక కూడా పారేయకండి. జరిమానా నోటీసు నెలల తర్వాత రావచ్చు. దానికంటే ముందు, మీ వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు అద్దె కంపెనీ కార్డు మీద సర్వీసు చార్జీ వేస్తుంది. అది జరిమానా కాదు, అసలుది వేరుగా వస్తుంది. నోటీసు అందిన 5 రోజుల్లో కడితే చాలా జరిమానాల్లో 30 శాతం తగ్గుతుంది.