అంగారక దండయాత్రలో మనుషుల పక్షాన ఆడేవారికి ఒక చిట్కా

జెఫ్ వేన్ సంగీత ఆల్బమ్ ఆధారంగా 1998లో వచ్చిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' అనే రియల్ టైమ్ స్ట్రాటజీ (వంతులు లేకుండా, ఆగకుండా సాగే వ్యూహాత్మక) కంప్యూటర్ గేమ్‌లో బ్రిటన్ పటం 30 ప్రాంతాలుగా విడిపోయి ఉంటుంది. అంగారకులు ఉత్తరాన స్కాట్లండ్ నుంచి దిగివస్తుంటే, మనుషుల పక్షాన ఆడేవారు లండన్‌ను కాపాడుకోవాలి. కొత్తగా ఆడేవారు ప్రతి ప్రాంతంలోనూ తలా రెండు ఫిరంగులు నిలిపి, అన్నిచోట్లా ఓడిపోతారు. వర్షాకాలంలో మా నల్లగొండ పానగల్లు చెరువు కట్టకు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఇసుక బస్తాలు ఎవరూ పేర్చరు, బలహీనంగా ఉన్నచోటే పేరుస్తారు. ఇక్కడా అంతే: శత్రువు సరిహద్దును తాకే ప్రాంతాలలోనే బలగాన్ని కూడగట్టి, వెనుక ప్రాంతాలను ఉత్పత్తికి వదిలేయడం మేలు.

యుద్ధం మొదలయ్యాక అసలు కిటుకు గురి పెట్టడంలో ఉంది. సగం దెబ్బతిన్న అంగారకుల మూడుకాళ్ల యుద్ధయంత్రం కూడా సాధారణంగా పూర్తి బలంతోనే కాలుస్తుంది కనుక, మూడు యంత్రాలు ఎదురైనప్పుడు కాల్పులను మూడింటికీ పంచితే చాలాసేపు మూడూ కాలుస్తూనే ఉంటాయి; అన్ని ఫిరంగులనూ ఒక్కదానిపైనే ఎక్కుపెట్టి కూల్చితే, మనపై పడే దెబ్బలలో మూడోవంతు వెంటనే తగ్గుతుంది. ఫిరంగులను వెనుక వరుసలో ఉంచి, వాటిని చౌకరకం బండ్లతో కాపాడుకోవాలి.

ప్రతి పోరుకు ముందు వేర్వేరు పేర్లతో సేవ్ చేయండి. యూపీఎస్ లేని ఇంట్లో, కరెంటు పోయే వేసవి మధ్యాహ్నాలలో ఈ అలవాటు నన్ను చాలాసార్లు ఆదుకుంది.