డాక్టరు గదిలో ఇంగ్లీషు: బ్రిటన్‌కు కొత్తగా వచ్చినవారికి

ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం; నోట పలకడానికి మనసొప్పని సంగతిని మరో మాట చాటున చెప్పడం మనకు చిన్ననాటి నుంచీ తెలిసిన పద్ధతే. బ్రిటన్‌లో డాక్టర్లూ నర్సులూ మాట్లాడే ఇంగ్లీషును కూడా ఆ చెవితోనే వినాలని, ముఖ్యంగా వృద్ధులైన తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసుకువెళ్లేవారిని కోరుతున్నాను.

జీపీ, అంటే మనం మొదట వెళ్లే స్థానిక డాక్టరు, “హౌ ఆర్ యువర్ వాటర్‌వర్క్స్?” అని అడిగితే, మూత్రం సాఫీగా వస్తోందా అని అర్థం. ఆపరేషన్ తరువాత వార్డులో “హావ్ యూ ఓపెన్డ్ యువర్ బవెల్స్?” అంటే విరేచనం అయిందా అని, కోడీన్ వంటి నొప్పి మందుల వల్ల మలబద్ధకం వస్తుంది కనుక ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతారు, అర్థం కాకపోయినా తల ఊపితే అందవలసిన మందు అందదు. “షార్ప్ స్క్రాచ్” అన్నారంటే సూది గుచ్చబోతున్నారు.

వీటికన్నా జాగ్రత్తగా వినవలసిన మాటలు రెండున్నాయి. “సినిస్టర్” ఏదీ లేదని చూద్దాం అంటూ పరీక్షకు పంపితే, చాలా సందర్భాల్లో క్యాన్సర్ లేదని తేల్చుకోవడమే వారి ఉద్దేశం; ఆ అపాయింట్‌మెంటును వాయిదా వేయకండి. జబ్బు ముదిరిన మనిషి గురించి “వి విల్ కీప్ హిమ్ కంఫర్టబుల్” అన్నప్పుడు, నయం చేసే ప్రయత్నం ముగిసిందనీ, ఇక బాధ తెలియకుండా చూడడమే మిగిలిందనీ చెబుతూ ఉండవచ్చు. నాన్నగారు కుదుటపడుతున్నారని ఊరికి ఫోను చేసే ముందు “ఈజ్ హీ డయింగ్?” అని సూటిగా అడగండి. ఆ ప్రశ్న నోట రావడం ఎంత కష్టమో ఎరుగుదును, కానీ అడిగితేనే రావలసినవారు సమయానికి బయలుదేరగలరు.

మన ఇంగ్లీషు కూడా వారికి అన్నిసార్లూ అందదు. “ఐ హావ్ షుగర్” అనకుండా డయాబెటిస్ అనీ, “ఐ హావ్ బీపీ” అనకుండా హై బ్లడ్ ప్రెషర్ అనీ చెప్పాలి. నీరసాన్ని “వీక్‌నెస్” అంటే కాలో చెయ్యో పట్టు తప్పిందని వారు అనుకునే ప్రమాదముంది. “టయర్డ్” అంటే సరిపోతుంది.

ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య వ్యవస్థ) సేవలకు దుబాసీని ఉచితంగా కోరవచ్చు. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే “తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్” అని చెప్పండి. అమ్మ తన ఒంటి సంగతి కొడుకు ఎదుట చెప్పుకోలేని సందర్భాలూ ఉంటాయి.