గాలి దిక్కు మారినా ఆగే లంగరు: సీజన్‌కి ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ప్రశాంతమైన నీళ్లలో, పది నాట్ల (గంటకి సుమారు 18 కిలోమీటర్ల) గాలిలో, మంచి ఇసుక నేల మీద ఏ లంగరైనా పడవని ఆపుతుంది. రోజూ ఆపుతోంది కదా అని దాని మీద నమ్మకం పెరిగిపోతుంది. అసలు పరీక్ష అది కాదు. అర్ధరాత్రి గాలి ఉన్నట్టుండి లేచి, సాయంత్రం వీచిన దిక్కుకి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. అప్పుడు ఇసుకలోంచి పెకిలిపోయిన లంగరు తనంతట తాను మళ్లీ నేలలోకి దిగాలి. తెరచాప పడవలో దూరప్రయాణాలు చేసేవాళ్లు తుఫానుల సీజన్‌కి ముందు లంగరు ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది ఇది దిగుతుందా లేదా అనే. ఎన్ని కిలోల లాగుడుకి ఆగుతుంది అన్న అంకె ఆ తర్వాత చూడొచ్చు.

1982 డిసెంబరులో మెక్సికోలోని కాబో సాన్ లూకాస్ దగ్గర జరిగింది ఈ మాటకి పెద్ద ఉదాహరణ. అక్కడ ఒడ్డుకి దగ్గరగా, ఒకదాని పక్కన ఒకటి, చాలా ప్రయాణపు పడవలు లంగరు వేసి ఉన్నాయి. అప్పటిదాకా ఆ చోటు హాయిగానే ఉంది. తుఫాను గాలి సముద్రం వైపు నుంచి తిరగబడేసరికి ఒక్క రాత్రిలో ఇరవైకి పైగా పడవలు ఇసుకలోకి కొట్టుకొచ్చాయి. వాటిలో ప్రపంచమంతా తిరిగిన ఫ్రెంచ్ నావికుడు బెర్నార్డ్ మొయిటెస్సియే స్టీలు పడవ ‘జాషువా’ కూడా ఉంది. వాటిని నడిపినవాళ్లలో సముద్రం బాగా తెలిసినవాళ్లు ఎందరో. ఒక పడవ లంగరు జారితే అది పక్క పడవ గొలుసు మీద పడి దాన్నీ లాక్కుపోతుంది. అందుకే మన లంగరు ఎంత గట్టిదో చూసుకోవడంతో పని అయిపోదు. గాలికి ఎగువన ఉన్న పడవ ఎలా ఆగి ఉందో కూడా చూసుకోవాలి.

గాలి వేగం రెట్టింపైతే పడవ మీద పడే బలం నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్క ఒక్కసారి మనసుకి ఎక్కితే పెద్ద లంగరు కొనడానికి చెయ్యి వెనక్కి పోదు. పడవల ప్రమాణాలు రూపొందించే అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ పట్టికలో 40 అడుగుల పడవకి 15 నాట్ల గాలిలో 300 పౌండ్లు, 30 నాట్లలో 1,200 పౌండ్లు, 42 నాట్లలో 2,400 పౌండ్ల లాగుడు లెక్క వేశారు. అంటే చివరిది దాదాపు 1,090 కిలోలు. నిలకడగా వీచే గాలికి ఇవి ఎక్కువ అంకెలని వాదించేవాళ్లు ఉన్నారు. కానీ నిలకడగా వీచే గాలి ఏ లంగరునీ ఇబ్బంది పెట్టదు. ఇబ్బందంతా అలలు లేచి పడవ ఎగిరి పడుతున్నప్పుడు, ముక్కు అటూ ఇటూ తిప్పుకుంటూ గొలుసుని ప్రతిసారీ కొత్త కోణంలో గుంజుతున్నప్పుడు వస్తుంది. నేనైతే ఆ పెద్ద అంకెనే పట్టుకుంటాను.

ఇక రకాల సంగతి. పాత పడవల ముక్కు మీద ఎక్కువగా కనిపించేది సీక్యూఆర్. దీన్ని 1933లో బ్రిటిష్ శాస్త్రవేత్త జెఫ్రీ ఇంగ్రమ్ టేలర్ నీటి మీద దిగే విమానాల కోసం రూపొందించారు. నాగలి ఆకారం, మధ్యలో మడతబందు. తరాల తరబడి పడవలని కాపాడిన లంగరు ఇది, దాన్ని తక్కువ చేయను. కానీ గట్టి ఇసుకలో పక్కకి పడుకుని నేలని గీసుకుంటూ పోవడం, పూర్తిగా దిగకుండానే దిగినట్టు అనిపించడం దీని బలహీనత. బ్రూస్ రకం, అంటే పంజా ఆకారంలో ఉండేది, 1970లలో వచ్చింది. నేల తాకగానే చప్పున పట్టుకుంటుంది, గాలి తిరిగితే చాలావరకు తనూ తిరుగుతుంది. కానీ అంతే బరువున్న కొత్త రకాలతో పోలిస్తే దాని పట్టు తక్కువ. దాన్ని వాడదలిస్తే బాగా పెద్ద సైజు తీసుకోవాలి. ఒక్క ముక్కగా ఉండే నాగలి రకం డెల్టా, సీక్యూఆర్ కంటే నమ్మకంగా దిగుతుంది.

రెండు పలుచటి రెక్కల డాన్‌ఫోర్త్ రకం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకే దిక్కున లాగుతున్నంతసేపూ ఇసుకలోనూ బురదలోనూ దాని పట్టు అద్భుతం. గాలి దిక్కు మారి పెకిలిందంటే మాత్రం రెక్కల మధ్య ఒక గులకరాయో గవ్వో ఇరుక్కుంటే చాలు, రెక్కలు తిరగవు. ఇక అది నేల మీద జారుతూ పోతుందే తప్ప మళ్లీ దిగదు. రాత్రంతా నిద్రపోవడానికి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. రెండో లంగరుగా మాత్రం దీనికి సాటి లేదు. ఈ రకంలోనే అల్యూమినియం మిశ్రమంతో చేసే ఫోర్ట్రెస్ తేలిగ్గా ఉంటుంది, విడదీసి లోపల దాచుకోవచ్చు. మెత్తటి బురదకి రెక్కల కోణాన్ని 32 డిగ్రీల నుంచి 45కి మార్చుకునే వీలు కూడా ఉంది.

గత రెండు మూడు దశాబ్దాల్లో వచ్చిన కొత్త తరం లంగరుల దారి వేరు. ఫ్రాన్స్‌లో పుట్టిన స్పేడ్, న్యూజిలాండ్ నుంచి వచ్చిన రోక్నా, మాన్సన్ సుప్రీమ్, తర్వాత వచ్చిన మాంటస్ లాంటివన్నీ ఈ కోవలోవే. వీటి రెక్క లోపలికి గుంటగా ఉంటుంది, మొన వాడిగా ఉంటుంది. కొన్నిటికి వెనక ఒక కమ్మీ వంపు ఉంటుంది. లంగరు తలకిందులుగా పడితే అది తిప్పి నిలబెడుతుంది. స్పేడ్‌లో ఆ పని మొనలో పోసిన సీసం బరువు చేస్తుంది. ఇవి తక్కువ దూరంలోనే దిగుతాయి, లాగినకొద్దీ ఇంకా లోపలికి పోతాయి. ముఖ్యమైన లంగరుకి నా ఓటు వీటికే. వీటిలో ఏది గొప్ప అన్న వాదనలో నెలలు గడపాల్సిన పనిలేదు. ఆ తేడాల కంటే సరైన సైజు తీసుకోవడం, అది మీ పడవ ముందున్న రోలర్‌లో సరిగ్గా కూర్చోవడం ఎక్కువ ముఖ్యం. వంపు కమ్మీ ఉన్నవి కొన్ని పడవల ముక్కుకి తగులుతాయి. అట్ట ముక్కతో అదే కొలతలో నమూనా కత్తిరించి పెట్టి చూసుకుని, ఆ తర్వాతే కొనండి.

వీటికీ ఒక లోపం ఉంది. జిగట బంకమట్టిలోంచి పెకిలినప్పుడు గుంటలో మట్టిముద్ద అలాగే అతుక్కుని ఉండిపోతుంది, కమ్మీకి నాచు చుట్టుకుంటుంది. అలాంటప్పుడు మళ్లీ దిగడం కష్టం. బంకమట్టి, నాచు ఎక్కువగా ఉండే నీళ్లలో తిరిగేవాళ్లు కమ్మీ లేని రకం చూసుకోవడం మంచిది.

సైజు కోసం తయారీదారు పట్టిక చూసేటప్పుడు అది ఎంత గాలికి లెక్కవేసిందో కింద చిన్న అక్షరాల్లో చదవండి. కొందరు 30 నాట్లకి వేస్తారు, కొందరు 50కి వేస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి పోలిస్తే మోసపోతాం. పడవ బరువు కూడా ఖాళీ పడవది కాదు. నీళ్లు, డీజిల్, సామాను నింపాక ఎంతుంటుందో అది తీసుకోవాలి. పైన సోలార్ పలకలు, ఎండ పందిరి లాంటివి కట్టుకుంటే గాలి తగిలే మేర పెరుగుతుంది. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే పెద్దదే. లంగరు మరీ పెద్దదైపోయిందని ఏ తుఫాను రాత్రీ ఎవరూ బాధపడరు.

నకళ్ల విషయంలో జాగ్రత్త. ఆకారం అచ్చు గుద్దినట్టే ఉంటుంది, తేడా అంతా కాడలో, అంటే రెక్కని గొలుసుకి కలిపే పొడవాటి భాగంలో, వాడిన ఉక్కులో ఉంటుంది. గాలి పక్కకి తిరిగినప్పుడు లంగరు నేలలోనే ఉండి, పడవ బరువంతా కాడని అడ్డంగా వంచుతుంది. నాసిరకం ఉక్కు అక్కడే లొంగిపోతుంది. వాడిన లంగరు కొంటుంటే దాన్ని కంటి ఎత్తుకి లేపి, ఒక కన్ను మూసి, కాడ పొడవునా చూడండి. గీత గీసినట్టు తిన్నగా ఉండాలి. వెంట్రుకవాసి వంపు కనిపించినా వదిలేయండి. కొత్తదైతే ఓడల పరికరాలని పరీక్షించే లాయిడ్స్ రిజిస్టర్ లాంటి సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం అడగండి. అందులో హై హోల్డింగ్ పవర్ అని ఉంటే అదే బరువున్న మామూలు ఓడ లంగరు కంటే కనీసం రెండు రెట్లు, సూపర్ హై హోల్డింగ్ పవర్ అని ఉంటే కనీసం నాలుగు రెట్లు పట్టు చూపించాలి. తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలుకి ఎక్కువ డబ్బు పెడితే పట్టు పెరగదు. ఆ డబ్బుతో జింకు పూత లంగరు ఒక సైజు పెద్దది వస్తుంది.

లంగరు ఎంత మంచిదైనా గొలుసుకీ దానికీ మధ్య ఉన్న షాకిల్ (పిన్నుతో మూసే U ఆకారపు లోహపు కొక్కెం) తెగితే అంతా వృథా. లాగుడు సామర్థ్యం అచ్చు వేసి ఉన్న షాకిల్ మాత్రమే వాడండి. మర బిగించాక, సన్నని తీగతో పిన్ను కంటిని షాకిల్ కాడకి కట్టేయండి. లేకపోతే గొలుసు ఊగిసలాటకి అది నెమ్మదిగా విప్పుకుంటుంది. గొలుసు మెలిపడకుండా తిరిగే స్వివెల్ అనే జోడింపు, అవసరం నిజంగా ఉంటేనే పెట్టండి. పెట్టినా నేరుగా లంగరు కాడకి తగిలించకండి. పక్కకి లాగినప్పుడు దాని చెవులు విరుగుతాయి. మధ్యలో కొన్ని గొలుసు లింకులు వేస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. గొలుసంతా డెక్ మీద పరిచి, లింకు లింకుకి రాసుకునే లోపలి వంపు చూడండి. అక్కడ పదో వంతు అరిగిపోయి ఉంటే ఆ గొలుసు పని అయిపోయినట్టే. లోపలి కొసని పడవకి షాకిల్‌తో కాకుండా డెక్ దాకా వచ్చేంత తాడుతో కట్టండి. ప్రాణం మీదకి వస్తే కత్తితో ఒక్క వేటుకి వదిలించుకోవచ్చు.

ఎంత గొలుసు వదలాలి అన్నచోట చాలామంది లెక్క తప్పుతుంది. ఆటు సమయంలో నాలుగు మీటర్ల లోతు చూసి, ఐదు రెట్లు అని 20 మీటర్లు వదులుతారు. పోటుకి నీళ్లు రెండు మీటర్లు పెరుగుతాయి. పడవ ముక్కు నీటి మట్టానికి ఇంకో మీటరున్నర పైన ఉంటుంది. అంటే అసలు ఎత్తు ఏడున్నర మీటర్లు. ఆ 20 మీటర్లు మూడు రెట్లు కూడా కాదు. ఐదు రెట్లు కావాలంటే 37 మీటర్లు దాటాలి, గాలి పెరుగుతుందంటే ఏడు రెట్లు. గొలుసు బరువే పడవని ఆపుతుందన్న నమ్మకం తేలికపాటి గాలి వరకే పనికొస్తుంది. పెనుగాలిలో గొలుసు తిన్నగా సాగిపోతుంది. అప్పుడు మూడు రెట్ల గొలుసు లంగరుని 19 డిగ్రీలకి పైగా పైకి ఎత్తి లాగుతుంది, ఏడు రెట్లయితే ఆ కోణం ఎనిమిది దగ్గరే ఉంటుంది. గొలుసు తిన్నగా బిగుసుకున్నాక కుదుపుని మింగేది సాగే నైలాన్ తాడే. స్నబ్బర్ అనే అలాంటి తాడుని ఎనిమిది, పది మీటర్లది గొలుసుకి తగిలించి, బరువంతా దాని మీదకి మార్చండి. విండ్‌లాస్ మీద బరువు వదిలేయకండి. అది గొలుసు ఎత్తడానికి ఉన్న యంత్రం, పడవని పట్టి ఉంచడానికి కాదు.

లంగరు వేసేటప్పుడు నేల ఏమిటో చార్టులో (సముద్రపు పటంలో) చూసుకోండి. ఇసుక, బురద అయితే సరే. రాయి, పగడాలు, దట్టమైన సముద్రపు గడ్డి ఉన్నచోట వేయకండి. అక్కడ పట్టూ నమ్మకం కాదు, ఆ జీవరాశికీ నష్టం. స్పెయిన్ బాలియారిక్ దీవుల్లో పొసిడోనియా అనే సముద్రపు గడ్డి మీద లంగరు వేయడం చట్టరీత్యా నిషేధం కూడా. గొలుసు వదిలాక ఇంజిన్‌ని నెమ్మదిగా వెనక్కి నడిపి, గొలుసు బిగిశాక వేగం పెంచండి. అప్పుడు అరచేయి గొలుసు మీద పెట్టి చూడండి. లంగరు దిగి ఉంటే గొలుసు బిగుసుకుని ఊరుకుంటుంది. జారుతుంటే గరగరమని వణుకు చేతికి తెలుస్తుంది, రాళ్ల మీదైతే ఎగిరెగిరి పడుతున్నట్టు ఉంటుంది. ఒడ్డున రెండు గుర్తులు ఒక వరసలో పెట్టుకుని, అవి కదలడం లేదని రూఢి చేసుకోండి. నీళ్లు తేటగా ఉంటే దిగి చూడటం అన్నిటికంటే మంచిది. రెక్క పూర్తిగా కనుమరుగై, కాడ వెనక కొస మాత్రమే కనిపిస్తే బాగా దిగినట్టు. మొన గడ్డి వేళ్లలో చిక్కుకుని రెక్క పక్కకి పడుకుని ఉంటే వెంటనే ఎత్తి మళ్లీ వేయండి.

సీజన్‌కి ముందు ఒక ప్రశాంతమైన రోజు చూసుకుని ఇంకొక పరీక్ష చేయండి. లంగరు దించాక, పడవని దాని మీదుగా ఎదురు దిక్కుకి తీసుకెళ్లి అటు నుంచి ఇంజిన్‌తో లాగండి. గొలుసు ప్రొపెల్లర్‌కి చిక్కకుండా చూసుకోండి. దిక్కు తిరిగినప్పుడు లంగరు ఎంత దూరం జారి మళ్లీ దిగుతుందో కళ్లారా చూస్తే, మీ లంగరు మీద ఎంతవరకు నమ్మకం పెట్టుకోవచ్చో తెలుస్తుంది.

రాత్రి గాలి మారుతుందని వాతావరణ సూచన ఉంటే, ఆ మారిన గాలికి మీ వెనక ఏముంటుందో సాయంత్రమే చూసుకోండి. ఒడ్డు గానీ, రాళ్లు గానీ ఉంటే వెలుతురు ఉండగానే లంగరు ఎత్తి వేరే చోటికి వెళ్లండి, లేదా సముద్రంలోకి పోండి. ఉండిపోక తప్పదంటే పక్క పడవలతో మాట్లాడి ఎవరెంత గొలుసు వదిలారో తెలుసుకోండి. ఫోన్‌లో పడవ జారితే మోగే యాంకర్ అలారం పెట్టండి, అది మోగితే వెంటనే కదిలేలా ఇంజిన్ తాళం అందుబాటులో ఉంచండి. రెండో లంగరుకి తాడు కట్టి, విడదీసి దాచినదైతే ముందే బిగించి, డెక్ మీద సిద్ధంగా పెట్టుకోండి.