తుపానుల కాలానికి ముందే వర్చువల్ మెషిన్ల నెట్‌వర్క్: విశాఖవాసులు తీసుకోవలసిన జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు విశాఖపట్నానికి తుపానుల బెడద ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత నగరంలో కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్ కోలుకోవడానికి రోజులు పట్టింది. అంతటి విపత్తు రాకపోయినా, ఈదురుగాలికి చెట్టు కూలి వీధిలో కేబుల్ తెగితే చాలు, మధురవాడలోనో గాజువాకలోనో ఇంటి నుంచి పనిచేసేవారు బ్రాడ్‌బ్యాండ్ వదిలి ఫోన్ హాట్‌స్పాట్‌కు మారక తప్పదు. ల్యాప్‌టాప్‌కు నెట్ వస్తున్నా అందులోని వర్చువల్ మెషిన్‌కు (ల్యాప్‌టాప్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌కు) రాకుండా పోయే ఇబ్బంది తరచుగా అప్పుడే ఎదురవుతుంది.

దీనికి ముఖ్య కారణం వర్చువల్ మెషిన్‌ను ఇంటి నెట్‌వర్క్‌కు నేరుగా కలిపే బ్రిడ్జ్‌డ్ మోడ్. ఆ మోడ్‌లో గెస్ట్ (అంటే వర్చువల్ మెషిన్) ఇంటి రూటర్ నుంచి సొంతంగా అడ్రసు తీసుకుంటుంది కాబట్టి, వర్చువల్ మెషిన్లను నడిపే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో దానిని ల్యాన్ (కేబుల్) అడాప్టర్‌కు కలిపి ఉంచితే, మీరు వైఫైకి మారినప్పుడు అది తనంతట తాను మారదు. యూఎస్‌బీ టెదరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా వాడటం) పెడితే హోస్ట్‌లో (అంటే ల్యాప్‌టాప్‌లో) మరో కొత్త అడాప్టర్ చేరుతుంది, గెస్ట్ మాత్రం పాతదానినే పట్టుకుని ఉంటుంది. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ అయిన వీఎమ్‌వేర్‌లో బ్రిడ్జింగ్‌ను ఆటోమేటిక్‌గా వదిలేస్తే ఒక్కోసారి వేరే అడాప్టర్‌ను ఎంచుకుంటుంది. పైగా వైఫై మీద బ్రిడ్జింగ్ అన్ని డ్రైవర్లతోనూ సరిగా పనిచేయదు. నాట్ మోడ్‌లో ఈ చిక్కులు చాలావరకు ఉండవు, ఎందుకంటే హోస్ట్ ఏ దారిలో బయటకు వెళితే గెస్ట్ కూడా అదే దారిలో వెళుతుంది. అందువల్ల కేవలం ఇంటర్నెట్ అవసరమైన మెషిన్లన్నింటినీ వాతావరణం బాగున్నప్పుడే నాట్‌కు మార్చుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

నాట్‌లో బయటి నుంచి గెస్ట్‌లోకి నేరుగా రాలేము. ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) వంటివి కావాలంటే హోస్ట్‌లోని 2222 పోర్టును గెస్ట్‌లోని 22కు ఫార్వర్డ్ చేయాలి. దీనితోపాటు రెండో అడాప్టర్‌గా హోస్ట్-ఓన్లీని (హోస్ట్‌కూ గెస్ట్‌కూ మధ్య మాత్రమే నడిచే నెట్‌వర్క్‌ను) జోడించండి. వర్చువల్‌బాక్స్‌లో దానికి మామూలుగా 192.168.56తో మొదలయ్యే అడ్రసులు వస్తాయి. నెట్ పూర్తిగా పోయినా ల్యాప్‌టాప్‌కూ గెస్ట్‌కూ మధ్య ఆ దారి తెగదు కాబట్టి, గెస్ట్‌లో ఉన్న డేటాబేస్‌తో పని నిరాటంకంగా సాగుతుంది.

మార్పులు చేసే ముందు స్నాప్‌షాట్ (మెషిన్ ప్రస్తుత స్థితిని భద్రపరచే నకలు) తీసుకుని, ఇప్పుడున్న సెట్టింగ్‌లను కాగితం మీద రాసి పెట్టుకోండి. క్లోన్ చేసిన మెషిన్లుంటే ఒక్కొక్కదానికి వేరే మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ అడాప్టర్ గుర్తింపు సంఖ్య) ఉందో లేదో చూడండి. ఒకే మ్యాక్‌తో రెండు మెషిన్లు ఒకే నెట్‌వర్క్‌లో నడిస్తే రెండింటికీ కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది. ఆ తరువాత రూటర్‌ను ఆపి, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒక పూట నిజంగా పనిచేసి చూడాలి. ఈ పరీక్ష చేయనిదే మిగిలిన ఏర్పాట్లను నమ్మడానికి లేదు.

అసలు సమయంలో నెట్ ఆగిపోతే కంగారుపడి సెట్టింగ్‌లన్నీ ఒకేసారి మార్చవద్దు. ముందు హోస్ట్‌లో నెట్ ఉందో లేదో చూసి, తరువాత గెస్ట్ అడ్రసు చూడాలి. వర్చువల్‌బాక్స్ నాట్‌లో సాధారణంగా 10.0.2.15 కనిపిస్తుంది, గేట్‌వే (బయటకు వెళ్లే దారి) 10.0.2.2. విండోస్ గెస్ట్‌లో 169.254తో మొదలయ్యే అడ్రసు కనిపిస్తే దానికి అడ్రసులు ఇచ్చే డీహెచ్‌సీపీ నుంచి అడ్రసు అందలేదని అర్థం. మెషిన్ సెట్టింగ్‌లలో ‘కేబుల్ కనెక్టెడ్’ దగ్గర టిక్ ఉందో లేదో చూసి, ఒకసారి తీసి మళ్లీ పెట్టండి. వీఎమ్‌వేర్ వాడేవారు విండోస్ హోస్ట్‌లో దాని నాట్, డీహెచ్‌సీపీ సర్వీసులు నడుస్తున్నాయో లేదో చూడాలి. అడ్రసు సరిగానే ఉండి, 8.8.8.8 అనే బయటి అడ్రసుకు పింగ్ (స్పందన పరీక్ష) వెళ్లి, వెబ్‌సైట్ పేర్లు మాత్రం తెరుచుకోకపోతే లోపం పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్‌లో ఉంది. హాట్‌స్పాట్‌కు మారినప్పుడో వీపీఎన్ కలిపినప్పుడో ఇలా జరిగితే, గెస్ట్‌లో అడ్రసును రెన్యూ చేయడం (మళ్లీ కొత్తగా అడిగి తీసుకోవడం) ముందుగా ప్రయత్నించదగిన మార్గం.

తుపాను హెచ్చరికల కేంద్రం నుంచి ప్రకటన వెలువడిన రోజున యూపీఎస్ మీద భరోసాతో మెషిన్లను నడుస్తూ వదిలేయకుండా, గెస్ట్ లోపలి నుంచే పద్ధతిగా షట్‌డౌన్ చేసి, డిస్క్ ఫైళ్ల నకలును ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉంచండి. సస్పెండ్ చేసిన మెషిన్ తిరిగి లేచినప్పుడు పాత రూటర్ ఇచ్చిన అడ్రసుతోనే లేవవచ్చు. షట్‌డౌన్ చేసినది, అడ్రసును చేత్తో ఇవ్వకుండా ఉంటే, కొత్త నెట్‌వర్క్‌లో కొత్త అడ్రసు అడిగి తీసుకుంటుంది.