స్కూల్ ఫుట్‌బాల్ రాష్ట్ర ఫైనల్ మన ఊళ్లోనా? విలేకరుల ఏర్పాట్లు ఇలా చూసుకోండి

కోనసీమలో అండర్-17 ఫైనల్ పెడుతుంటే ముందు నేల సంగతి చూడండి. మనది ఒండ్రుమట్టి, ముందురోజు జల్లు పడినా కాలు దిగబడుతుంది, అందుకే ప్రెస్ బల్లలు వేసే చోట ఇసుక పోయించండి. బల్లలు పడమటి వైపే వేయాలి, సాయంత్రం ఎండ కళ్లలో పడదు.

ఫోటోగ్రాఫర్లను గోల్‌లైన్ వెనక, 7.32 మీటర్ల గోల్‌కి అటూ ఇటూ తాడు కట్టి కూర్చోబెట్టండి. నెట్‌కి ఆనుకుని ఎవరినీ నిలబడనివ్వొద్దు, కీపర్ పిల్లాడికి అదే పెద్ద టెన్షన్.

అన్నిటికంటే ముఖ్యం ఆటగాళ్ల జాబితా. జెర్సీ నంబరు, పేరు, స్కూలు అన్నీ తెలుగులో రాసి, కోచ్ చేత ఒకసారి చదివించి మరీ ప్రింట్ తీయండి. ఒకసారి నేను ఇంగ్లీషు జాబితా ఇచ్చేశాను, గోల్ కొట్టిన పిల్లాడి ఇంటిపేరు మర్నాడు పేపర్లో తప్పు పడింది, వాళ్లమ్మ ఆ ముక్క కత్తిరించి తెచ్చి చూపిస్తే నాకు మాట రాలేదు. ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు మాత్రం అందులో పెట్టకండి, వాళ్లు మైనర్లు.

జిల్లా పేజీలు పెందరాళే కట్టేస్తారు గనక ఆట మూడింటికే మొదలుపెట్టండి. చివరి విజిల్ పడ్డ పది నిమిషాల్లో స్కోరు, గోల్ పడిన నిమిషం, కప్పు ఫోటో వాట్సాప్ గ్రూపులో ఉండాలి. ఓడిన జట్టు పిల్లల ముందు మైకు పెట్టే ముందు కోచ్‌ని అడగండి, వాళ్లని కాసేపు ఏడవనివ్వండి.